పదును, ఆబ్, గొడ్డలి

కొయ్యూరు అనగానే అందరికీ గుర్తొచ్చేది 1924 మే 7. అల్లూరి సీతారామరాజుని మంప దగ్గర పట్టుకుని, కొయ్యూరులో కాల్చి చంపారు. ఆ కథలో మనవాళ్ళెవరైనా ఉన్నారా అని వెతికేవాళ్ళు, రాజు పట్ల సానుభూతి చూపిన డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లాఖాన్ పేరు పట్టుకొస్తారు. తప్పులేదు. కానీ చరిత్రలో మనవాళ్ళంటే హోదా ఉన్నవాళ్ళేనా? నా కన్ను ఆ పితూరీలో గొడ్డళ్ళ మీద పడుతుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, ఆ వెంటనే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు తెచ్చుకోకముందు, మన్యం మనిషి చేతిలో రోజూ ఉన్న ఇనుము అదే.

దాంతోనే పోడు కొట్టాడు. చెట్టుని మొదలంటా తీసేయకుండా, మళ్ళీ చిగురించేలా మోడు వదిలాడు. ఇప్ప, చింత, మామిడి జోలికి పోలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు అడవిలో ఆ పనే నేరమైంది. నేరానికి వాడిన పనిముట్లు జప్తు చేసుకోవచ్చని అదే చట్టం చెప్పింది. అంటే నిన్నటిదాకా సేద్యపు పనిముట్టు ఇవాళ దొంగతనానికి సాక్ష్యం. మనిషిని బట్టి వాడి చేతిలో ఉన్నది ఆయుధమో పనిముట్టో నిర్ణయమైపోవడం ముస్లిం పాఠకులకు కొత్త సంగతి కాదు. సాగులో ఉన్న అటవీ భూమి మీద గిరిజనుడి హక్కుని చట్టం ఒప్పుకోవడానికి 2006 దాకా పట్టింది.

గొడ్డలి పదును గడ్డం గీసే బ్లేడు పదును లాంటిది కాదు. మరీ పలచగా సాన పడితే పచ్చికర్రలో సర్రున దిగుతుంది గానీ, మద్దిలాంటి చేవకర్ర తగిలితే అంచు పెచ్చులు లేచిపోతుంది. మందంగా వదిలేస్తే చెట్టు మీంచి జారి కాలి మీదికొస్తుంది. రెండు చెంపలూ కలిసేచోట కోణం 25, 30 డిగ్రీల మధ్య ఉంటే నరకడానికి బాగుంటుంది. అంచు వెనక అంగుళం మేర పలచబడాలి, కానీ గుంట పడకూడదు. చెంప చేప పొట్టలా కొంచెం ఉబ్బి ఉండాలి. ఆ ఉబ్బే కర్రని పక్కలకి తోసి గొడ్డలిని విడిపిస్తుంది. చదునుగా ఉంటే కర్ర దాన్ని కరిచి పట్టుకుంటుంది. ఆకురాయితో మందం దించి, తడి సానరాయి మీద అంచు తీరుస్తారు. రెండు పక్కలా సమానంగా అరగాలి.

దానికి ముందు కమ్మరి పని ఉంది. లారీ కమాను పట్టీనో మరో ఉక్కునో కొలిమిలో సాగగొట్టి, ఎర్రగా కాల్చి, అంచు వరకే నీళ్ళలో ముంచుతాడు. వెనక మిగిలిన వేడి అంచుకి పాకి ఎండుగడ్డి రంగు తేలగానే మళ్ళీ ముంచేస్తాడు. అంచు గట్టిపడుతుంది, ఒళ్ళు మెత్తగానే ఉంటుంది కనుక దెబ్బకి పగలదు. కరెంటు సానచక్రం మీద రవ్వలు చూసి మురిసిపోయామా, అంచు నీలం తిరుగుతుంది. కమ్మరి పెట్టిన గట్టిదనమంతా అక్కడితో పోయినట్టే.

ఇక్కడ నా రెండు భాషలూ ఒకచోట కలుస్తాయి. తెలుగులో పదును అంటే ఇనుము వాడి మాత్రమే కాదు, దుక్కికి సరిపడా నేల తడి కూడా. ఉర్దూలో ఆబ్ అంటే నీళ్ళు. కత్తికుండే మెరుపు, చేవ కూడా ఆబే. ధార్ అంటే అంచు, నీటిధారా. పోడు రైతు ఎండల్లో ఒక పదునుతో చెట్టు కొట్టి, జూన్‌లో ఇంకో పదును కోసం మబ్బు వైపు చూస్తాడు. ఉర్దూ అంటే గజళ్ళు, నవాబులు అనుకునేవాళ్ళకి ఈ మాటలు వినపడవు. సైకల్‌గర్ అనే మాట ఎంతమందికి తెలుసు? కత్తులకి సాన పట్టి మెరుగు పెట్టేవాడు. కత్తి పట్టిన నవాబుకి చరిత్ర దొరికింది, సాన పట్టినవాడికి దొరకలేదు.

అబూ దావూద్ హదీసుల్లో ఒకటుంది. ఒక అన్సారీ బీదవాడు చెయ్యి చాచి వస్తే, ప్రవక్త (స) అతని ఇంట్లో ఉన్న కంబళీ, గిన్నె రెండు దిర్హములకి అమ్మించారు. ఒక దిర్హముతో తిండి, ఇంకోదాంతో గొడ్డలి కొనిపించారు. ఆ గొడ్డలికి తన చేత్తోనే కామ తొడిగి, కట్టెలు కొట్టుకోమని పంపారు. జుమ్మా ఉపన్యాసాల్లో దీన్ని భిక్షాటన తప్పని చెప్పడానికి వాడతారు. కామ తొడిగిన ఆ చేతుల గురించి ఎక్కువ మాట్లాడరు.

సర్కారు జాబితాలు ఇంకా తమాషా. ఏజెన్సీ కమ్మర షెడ్యూల్డు తెగ. కొండ దిగి నర్సీపట్నం వైపొస్తే కమ్మరి బీసీ-బి. సమ్మెట ఒకటే, దాగలి ఒకటే. 2007లో ముస్లింలకి బీసీ-ఇ ఏర్పడినప్పుడు అందులో తురకకాశ అని ఒక పేరుంది. వాళ్ళకే పత్తర్‌ఫోడ్లు అని, రోళ్ళకి కక్కు కొట్టేవాళ్ళు అని ఇంకా పేర్లున్నాయి. అరిగి నున్నబడ్డ రోటికి, తిరగలికి ఉలితో మళ్ళీ గరుకు తెచ్చేవాళ్ళు. అదీ పదును పెట్టడమే, రాతికి. మిక్సీలొచ్చాక ఆ కేక మన వీధుల్లో తగ్గిపోయింది.