ఒకే కంప్యూటరునఁ బెక్కు కూర్పులు

ఒక గ్రంథమునకుఁ బ్రతులు పెక్కు దొరికినపుడు పరిష్కర్త వానిలో నొక్కదానినే నిలిపి తక్కినవానిని బాఱవేయఁడు. ప్రతి పాఠమునకును దాని కాలము, దాని లేఖకుఁడు, దాని సంప్రదాయము నుండును. ఒకచోటఁ దప్పుగాఁ దోఁచిన ప్రాఁతపాఠమే మఱియొకచోట నిజమును నిలుపవచ్చును. కంప్యూటరుపైఁ బుటలను గూర్చు సాఫ్టువేరు విషయమునను నీ న్యాయమే వర్తించుచున్నది. ముద్రణాలయములు కొన్నింట నొకే కంప్యూటరునం దొకే సాధనముయొక్క రెండు మూఁడు వెర్షనులు ప్రక్కప్రక్కన నుంచఁబడుచున్నవి. వెర్షను లనఁగాఁ గూర్పులే. క్రొత్త కూర్పుండఁగాఁ బ్రాఁత కూర్పేల యను ప్రశ్నకు సమాధాన మీ సాధనముల చరిత్రముననే కలదు.

పుటాకల్పన సాధనములలో మిగులఁ బ్రసిద్ధి కెక్కినది పేజిమేకరు. పాల్ బ్రెయినర్డు 1984లో నమెరికా దేశపు సియాటిల్ నగరమున స్థాపించిన ఆల్డసు సంస్థ దీనిని 1985లో మాకింటాషు కంప్యూటరులకై వెలువరించెను. 15వ శతాబ్ది తుదిని, 16వ శతాబ్ది మొదటను వెనీసు నగరమున గ్రీకు, లాటిను గ్రంథములను ముద్రించి పేరొందిన ఆల్డసు మనూటియసు పేరే యా సంస్థకుఁ బెట్టఁబడినది. ఆపిలు సంస్థవారి లేజరురైటరను ముద్రణయంత్రమును, ఆడోబి సంస్థవారి పోస్టుస్క్రిప్టను పుటావర్ణనభాషయు దీనికిఁ దోడయ్యెను. సీసపుటక్షరములను జేతితోఁ బేర్చు పని తెరమీఁదికి మాఱెను. 1987లో దీని విండోసు కూర్పు వచ్చెను. ఆ యేటనే క్వార్కు ఎక్స్‌ప్రెస్సు దీనికిఁ బోటీగా బయలుదేఱెను.

1994లో ఆల్డసు సంస్థ ఆడోబిలోఁ గలిసిపోయెను. ఆడోబివారు 1999లో ఇన్‌డిజైనను క్రొత్త సాధనమును వెలువరించిరి. పేజిమేకరునకుఁ గడపటిదైన 7.0 కూర్పు 2001లో వచ్చెను. 2004లో దాని యభివృద్ధి నిలిపివేయఁబడెను. సాధనము నిలిచిపోయినను, దానితోఁ గూర్చిన గ్రంథములు నిలిచిపోలేదు. అవి పునర్ముద్రణమునకు వచ్చుచునే యున్నవి. చిక్కంతయు నిచ్చటనే కలిగినది.

ప్రాఁత కూర్పు వ్రాసిన ఫైలును గ్రొత్త కూర్పు సామాన్యముగాఁ జదువఁగలదు. క్రొత్తది వ్రాసిన దానిని బ్రాఁతది చదువలేదు. పాణినీయ మెఱిఁగినవారి కిది వింత కాదు. అష్టమాధ్యాయపు ద్వితీయపాదము మొదలు తుదివఱకుఁ గల త్రిపాదియందలి సూత్రము చేసిన కార్యము, దానికిఁ బూర్వమందున్న సూత్రముల దృష్టికి జరుగనట్లే యుండును. పరము పూర్వమును జూచును. పూర్వము పరమును జూడదు. ఇన్‌డిజైను కూర్పుల నడుమ సంబంధ మట్టిదే. 2008లో వచ్చిన సి.ఎస్.4 కూర్పునందు ఐ.డి.ఎం.ఎల్. అను మధ్యరూప మేర్పడి, పరమునుండి పూర్వమునకు దిగుట కొక మార్గము కల్పించెను. కాని ప్రాఁత కూర్పెఱుఁగని విశేషము లా దారిలో జాఱిపోవును.

ప్రాఁత ఫైలు క్రొత్త కూర్పునఁ దెఱచుకొన్నంతమాత్రమున నది యథాతథముగా నున్నదని తలఁపరాదు. పంక్తులను విఱుచు రీతి కూర్పునకుఁ గూర్పునకు మాఱవచ్చును. ఒక పంక్తి యొక పుటనుండి మఱియొక పుటకుఁ జాఱెనేని, గ్రంథాంతమునఁ గల యకారాదిసూచికలోని పుటసంఖ్యలు తప్పును. పదసూచికలతోఁ గూడిన శాస్త్రగ్రంథములకును, నిఘంటువులకును నీ యపాయ మెక్కువ.

తెలుఁగు గ్రంథముల విషయమున మఱియొక చిక్కు కలదు. ఇంగ్లీషున కేర్పడిన ఫాంటులయందు 256 స్థానములకు మించి యుండెడివి కావు. తెలుఁగునకుఁ దలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వము, ఒత్తులు మొదలైన చిహ్నము లనేకము లుండుటచే, ఫాంటుల నిర్మించినవా రక్షరములను భాగములుగా విడఁదీసి, ఇంగ్లీషు లిపికిఁ జెందిన స్థానములలోఁ దమకుఁ దోఁచిన క్రమమున నమర్చిరి. ఒక నిర్మాత గుడి యుంచినచోట మఱియొక నిర్మాత వేఱొక యొత్తు నుంచెను. ముద్రణాలయములలో మిగుల వ్యాప్తి నొందిన అను ఫాంటులును నీ తెగకుఁ జెందినవే. పేజిమేకరు ఫైలులో నిట్లు నిలువయున్నది తెలుఁగు గాదు, ఇంగ్లీషు లిపి సంకేతముల వరుస మాత్రమే. ఫాంటున్నపు డది తెలుఁగుగాఁ గనఁబడును. ఫాంటు పోయినచో నర్థము లేని యింగ్లీషు గుర్తులగును.

1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునందే తెలుఁగునకుఁ బ్రత్యేకస్థానము లేర్పడెను. ఆ పద్ధతిలో నిలువ యుండునది యక్షరము. దాని యాకృతిని దీర్చు పని సాఫ్టువేరుది. కాని పేజిమేకరు యూనికోడు నెఱుఁగదు. ఇన్‌డిజైనునకు భారతీయలిపులను సరిగాఁ గూర్చు నేర్పు 2012లో వచ్చిన సి.ఎస్.6 కూర్పుతో నలవడెను. విశేష మేమనఁగా, పేజిమేకరు ఫైళ్లను దెఱవఁగల కడపటి ఇన్‌డిజైను కూర్పును నదియే. 2013నుండి వచ్చిన చందా కూర్పులలో నా శక్తి లేదు. కాఁబట్టి ప్రాఁత పేజిమేకరు గ్రంథము నేఁటి ఇన్‌డిజైనులోనికి రావలెనన్నచో సి.ఎస్.6 గాని, దానికి ముందటి కూర్పు గాని వంతెనగా నుండవలెను. ఆ వంతెన దాఁటి వచ్చినను లోపలి సంకేతములు మాఱవు. వానిని యూనికోడునకు మార్చుట వేఱొక పని. మార్చినది సరియో కాదో తెలిసికొనుటకు మూలపుటను గనులారఁ జూడవలెను. ఆ మూలపుటను జూపఁగలది పేజిమేకరే. ఇట్లొక్క గ్రంథమునకే మూఁడు సాధనములు కావలసివచ్చుచున్నవి.

ఇవి యొకేచోట నెట్లు మనుచున్నవి? ప్రతి కూర్పునకును వేఱు ఫోల్డరు, వేఱు సంస్కారములు నుండుటచేతఁ బెక్కు భాగములు కలహింపవు. కలహము రెండుచోట్లఁ గలుగును. మొదటిది ఫైలుపై మౌసుతో రెండు నొక్కులు నొక్కినపుడు దానిని దెఱచు నధికారము. తుల్యబలములైన సూత్రములకు విప్రతిషేధము కలిగినపుడు పరమునకే బల మన్నట్లు, కడపట స్థాపించిన కూర్పే యీ యధికారమును సామాన్యముగాఁ గైకొనును. క్రొత్తదాని పిమ్మటఁ బ్రాఁతదానిని స్థాపించినచోఁ, దాను చదువలేని ఫైళ్లకుఁ బ్రాఁతదే యధికారి యగును. అందుచేతఁ బ్రాఁతదానిని ముందును, క్రొత్తదానిని బిదపను స్థాపించుట యాచారమైనది.

రెండవది యుమ్మడి ఫైళ్లు. 1990లనాఁటి విండోసులో నొక సాధనము తన ప్రాఁత ఫైలును దెచ్చి క్రొత్తదానిపై వ్రాయఁగా, వేఱొక సాధనము పనిచేయకుండెడిది. దీనిని ‘డి.ఎల్.ఎల్. నరక’ మనుచుండిరి. విండోసు 2000 ముఖ్యమైన ఫైళ్లను దానే కాపాడుకొన నేర్చెను. 2001లో వచ్చిన విండోసు ఎక్స్‌పి, ఒకే యుమ్మడి ఫైలుయొక్క వేర్వేఱు కూర్పులను బ్రక్కప్రక్కన నుంచి, యే సాధనమునకుఁ గావలసినదానిని దాని కందించు పద్ధతిని బ్రవేశపెట్టెను. ప్రతులను గలిపివేయక విడివిడిగా నుంచుటయే మేలని యంత్రమును గ్రహించెనన్నమాట.

యంత్రమే ప్రాఁతదానిని నిరాకరించినపుడు మఱియొక యుపాయము కలదు. మాకింటాషులందు మాత్రము పేజిమేకరు ప్రాఁత వ్యవస్థయైన ఓ.ఎస్.9 నాశ్రయించియే పనిచేసెను. 2007లో వచ్చిన 10.5 వ్యవస్థలో నా యాశ్రయము తీసివేయఁబడెను. 2019లోని కాటలీనా వ్యవస్థ 32 బిట్ల సాధనములను ద్రోసివేయఁగా సి.ఎస్.6 ఇన్‌డిజైనును బోయినది. ఇట్టిచోట యంత్రములో యంత్రమును గల్పించి, యందుఁ బ్రాఁత వ్యవస్థను నిలుపుదురు. ఈ యుపాయము 1960లలో ఐ.బి.ఎం. సంస్థవారి పెద్దకంప్యూటరులపైఁ బుట్టి, 1999లో వి.ఎం.వేరు సంస్థచే బల్లమీఁది కంప్యూటరులకు వచ్చినది.

హక్కు విషయమును మఱువరాదు. చందాపద్ధతి వచ్చిన పిమ్మట, కొన్ని ప్రాఁత కూర్పులను వాడుటకు నిఁక హక్కు లేదని ఆడోబి సంస్థ 2019లోఁ జందాదారులకుఁ దెలిపెను. కొని దాఁచుకొన్న ప్రతికిని, చందాకుఁ దెచ్చుకొన్న ప్రతికిని నీ భేదము కలదు.

ముద్రితగ్రంథ ముండఁగా నింత శ్రమ యేల యనవచ్చును. పి.డి.ఎఫ్. ప్రతి పుట రూపమును గాపాడును. కాని ప్రాఁత ఫాంటులతోఁ జేసిన దానినుండి యక్షరములను దీసికొనఁబోయినచోఁ, దెలుఁగునకు మాఱుగా నా గుర్తులే వచ్చును. అందొక పదమును వెదకుటయు సాధ్యము గాదు. చాల సంవత్సరములు తెలుఁగు పరిష్కర్తలు దిద్దిన పాఠము లీ ఫైళ్లలోనే యున్నవి. ఆ దిద్దుబాటును మఱలఁ జేయకుండుటకుఁ జేయవలసిన దింతమాత్రమే: ప్రాఁత కూర్పు, దాని ఫాంటు, దాని ఫైలు, ఈ మూఁటిని నొకచోట నుంచి, యే గ్రంథ మే కూర్పుతోఁ, యే ఫాంటుతోఁ గూర్పఁబడెనో వ్రాసియుంచుట. తాళపత్రముల తుది లేఖకుఁడు తన పేరును, వ్రాసిన సంవత్సరమును నిలిపినట్లే, యీ ఫైళ్లకును నొక గద్య కావలెను. అది లేనినాఁడు పత్రము చేత నుండియుఁ జదువువాఁ డుండఁడు.