రంగుతో మొదలైన వెతుకులాట

మన వేలూరులో 1900లో డాక్టర్ అయిడా స్కడర్ ఒకే మంచంతో వైద్యశాల మొదలుపెట్టారు. అదే నేటి సి.ఎం.సి. ఆసుపత్రి. క్యాన్సర్ వైద్యానికి అక్కడికి చిత్తూరు నుంచి బెంగాల్ దాకా ఎందరో వస్తారు. ఆపరేషన్ అయ్యాక ఇంటివాళ్లు అడిగేది ఒక్కటే: గడ్డ మొత్తం పోయిందా? దీనికి జవాబు వెతికిన చరిత్ర రంగులతో మొదలైంది.

జర్మనీ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ విద్యార్థి దశలోనే ఒక్కో రంగు ఒక్కో రకం కణానికి అంటుకోవడం గమనించారు. మన రక్తంలోని ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు కూడా అంతే. తాళానికి తాళంచెవిలా ఒక్కొక్కటి తనకు సరిపోయేదాన్నే పట్టుకుంటుంది.

1941లో అమెరికాలో ఆల్బర్ట్ కూన్స్ బృందం ప్రతిరక్షకానికి మెరిసే రంగును తగిలించింది. 1948లో డేవిడ్ ప్రెస్‌మన్ రేడియోధార్మిక అయోడిన్‌ను తగిలించి, అది ఎలుకలో ఎక్కడికి చేరిందో కనిపెట్టారు. మన తెలుగువారైన యల్లాప్రగడ సుబ్బారావు గారు కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. ఆయన బృందం ఇచ్చిన అమినాప్టెరిన్ పిల్లల రక్తక్యాన్సర్‌ను కొంతకాలం అణచింది. కానీ ఆ మందు మంచి కణాలనూ దెబ్బతీసేది. గడ్డ చిరునామా తెలిసిన పదార్థం కావాలి. 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎంతైనా తయారుచేసే దారి చూపారు. 1984లో వారికి నోబెల్ వచ్చింది.

అయితే రేడియోధార్మిక గుర్తు ఒక్కటే చాలదు. దాని కిరణాలు ఒంటి లోతులోంచి బయటికి వచ్చి, గడ్డ ఎక్కడుందో స్కాన్‌లో చూపుతాయి. కానీ కత్తి పట్టిన డాక్టర్ కంటికి గడ్డ అంచు కనబడదు. మెరిసే రంగు ప్రత్యేక కెమెరాలో అంచును చూపుతుంది, లోతులో ఉన్నదాన్ని మాత్రం చూపలేదు. అందుకే రెండూ ఒకే ప్రతిరక్షకానికి తగిలించాలనుకున్నారు.

ఇందులోని కష్టం మన గుడియాత్తం నేతవాళ్లకు సులభంగా అర్థమవుతుంది. రంగు నూలుకు గట్టిగా పట్టాలి, ఉతికితే పోకూడదు, నూలు మాత్రం చెడకూడదు. ఇక్కడా అంతే. గుర్తులు తక్కువైతే కనబడవు. ఎక్కువైతే ప్రతిరక్షకం పట్టు కోల్పోతుంది, లేదా గడ్డను చేరకముందే కాలేయం దాన్ని లాగేసుకుంటుంది.

2018లో నెదర్లాండ్స్ వైద్యులు ఇలాంటి జంట గుర్తుల ప్రతిరక్షకాన్ని మూత్రపిండ క్యాన్సర్ రోగులలో తొలిసారి పరీక్షించిన ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్‌కు ముందు స్కాన్‌లోనూ, ఆపరేషన్ బల్ల మీద కెమెరాలోనూ గడ్డ కనబడింది. ఇది ఇంకా అన్ని ఆసుపత్రులకూ అందలేదు. అందిన రోజున ఇంటివాళ్ల ప్రశ్నకు డాక్టర్ తన కంటితో చూసి జవాబు చెప్పగలరు.