సాయంత్రం చేరిన ఓడ

2018 జులై 6, శుక్రవారం. చైనాలో మధ్యాహ్నం 12 గంటల 1 నిమిషం. వాషింగ్టన్‌లో అప్పుడే తారీఖు మారింది. మన దగ్గర ఉదయం 9.31. పిల్లలు బడికి వెళ్లిపోయి, టిఫిను గిన్నెలు తోమడానికి పడే వేళ.

ఆ నిమిషానికి 'పీక్ పెగాసస్' అనే ఓడ పసుపు సముద్రం మీదుగా దాలియన్ రేవు వైపు వస్తోంది. వస్తోంది, అంతే. ఇంకా చేరలేదు.

ఓడ పొడవు 229 మీటర్లు. దాని కడుపులో 70 వేల టన్నుల అమెరికా సోయా గింజలు. మన పది టన్నుల లారీలకు ఎత్తితే ఏడు వేల లారీలు కావాలి. అక్కడి దిగుబడి లెక్కన చూస్తే ఏభై వేల ఎకరాల పంట. సరుకు విలువ 2 కోట్ల డాలర్ల పైమాటే. జూన్ 8న సియాటిల్‌లో బయల్దేరినప్పుడు దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. అలాంటి ఓడలు ఆ దారిలో ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటాయి.

అది బయల్దేరిన నాటికి సోయా మీద సుంకం పడుతుందన్న బెదిరింపు ఉంది గానీ తేదీ లేదు. వారం తిరిగేసరికి, ఓడ పసిఫిక్ మీద ఉండగానే, తేదీ వచ్చేసింది. జూన్ 15న ట్రంప్ ప్రభుత్వం ప్రకటించింది: జులై 6 నుంచి 3,400 కోట్ల డాలర్ల చైనా సరుకుల మీద 25 శాతం సుంకం. బీజింగ్ ఆలస్యం చేయలేదు. అదే తేదీ, అదే మొత్తం, అదే 25 శాతం. చైనా జాబితాలో 545 రకాల సరుకులు. వాటిలో సోయా ఒకటి.

నడిసముద్రంలో ఉన్న ఓడకు వెనక్కి తిరగడం ఎంత నష్టమో ముందుకు పోవడమూ అంత జూదమే. పీక్ పెగాసస్ ముందుకే పోయింది. ఆఖరి రోజుల్లో వేగం పెంచింది. ఓడలు ఎక్కడున్నాయో చూపించే మ్యాపులు ఇప్పుడు ఫోన్లలోనే ఉంటాయి కదా, చైనాలో జనం వాటిని తెరిచి కూర్చున్నారు. అక్కడి సోషల్ మీడియా వీబోలో ఎందరో ఆ చుక్క కదలికను క్రికెట్ చివరి ఓవర్‌లా చూశారు. ఒక సోయా ఓడ కోసం జనం కేకలు పెట్టడం వాణిజ్య చరిత్రలో అదే మొదటిసారి కావచ్చు.

కెప్టెన్ గదిలో ఆ ఉదయం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. గాలి, అల, ఇంధనం, రేవులో బెర్తు, ఇవి నావికుడి లెక్కలు. కస్టమ్స్ వారి గడియారం ఆ లెక్కల్లో ఎప్పుడూ లేదు. గంట పన్నెండు దాటింది. ఓడ చేరేసరికి సాయంత్రమైంది.

కొన్ని గంటలు. వాటి ఖరీదు సుమారు 60 లక్షల డాలర్లు.

*

అసలు ఈ పోరు సోయా గురించి కాదు. వాషింగ్టన్ ఫిర్యాదు వేరే. తమ కంపెనీలు చైనాలో అడుగుపెట్టాలంటే సాంకేతిక రహస్యాలు అక్కడి భాగస్వాముల చేతిలో పెట్టాల్సి వస్తోందని, మేధోహక్కుల దొంగతనం జరుగుతోందని 2017 ఆగస్టులో విచారణ మొదలుపెట్టారు. దానికి ఆధారం 1974 నాటి వాణిజ్య చట్టంలోని 301వ సెక్షను. వెనకాల మరో అంకె ఉంది: ఆ ఏడాది చైనాతో అమెరికా సరుకుల వ్యాపారంలో లోటు 37,500 కోట్ల డాలర్ల పైమాటే. మూతపడ్డ ఫ్యాక్టరీల ఊళ్లకు ట్రంప్ అంతకుముందే అలాంటి లోటును చూపించి ఓట్లడిగారు. ఫిర్యాదులో నిజం లేదనలేం. కానీ పక్కింటివాడు గొడ్డలి తీసుకుపోయాడని మన గాదెకు నిప్పు పెట్టుకుంటే గొడ్డలి తిరిగొస్తుందా?

సాంకేతిక రహస్యాల గొడవకు చైనా సోయాతో ఎందుకు బదులిచ్చింది? ఎక్కడ గిల్లితే ఏడుపు వైట్‌హౌస్ దాకా వినిపిస్తుందో వాళ్లకు తెలుసు. 2017లో అమెరికా చైనాకు అమ్మిన సోయా విలువ సుమారు 1,200 కోట్ల డాలర్లు. అమెరికా ఎగుమతి చేసే సోయాలో సగానికి పైగా ఆ ఒక్క దేశానికే పోయేది. ఆ పంట బాగా పండేవాటిలో అయోవా, నెబ్రాస్కా, డకోటాలు ఉన్నాయి. అంటే ట్రంప్‌కు ఓటేసిన రాష్ట్రాలు.

ఆ రైతులు విత్తనం వేసింది ఏప్రిల్, మే నెలల్లో. జులైకి చేను పచ్చగా నిలబడి ఉంది. వేసిన పంటను వెనక్కి లాగలేరు. మే నెలలో బుషెల్ ధర, అంటే మన లెక్కలో 27 కిలోలకు, 10 డాలర్ల పైన పలికింది. జులై నడిమికి షికాగో మార్కెట్‌లో ఎనిమిదిన్నర దిగువకు జారిపోయింది. దాదాపు పదేళ్లలో అంత తక్కువ లేదు. ఆదిలాబాద్‌లో సోయా వేసే రైతుకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

*

దాలియన్ ముందర ఓడ లంగరు దించి నిలబడిపోలేదు. ఆ నీళ్లలోనే చుట్లు తిరిగింది, గానుగెద్దులా. ఓడ అద్దె రోజుకు 12,500 డాలర్లని పత్రికలు లెక్కగట్టాయి. అయినా తిప్పారు. సుంకం కట్టడం కన్నా ఎదురుచూడటం చవక. నాలుగు రోజులు ఆగితే ఇద్దరు పెద్దలూ రాజీపడతారేమోనన్న ఆశ మరోవైపు. గింజలకు ఆ ఓపిక ఉండదు. తేమ తగిలితే ఓడ గర్భంలో సోయా తనంతట తానే వేడెక్కుతుంది.

ఈలోగా లాభపడ్డది బ్రెజిల్. చైనా కొనుగోలుదారులు అక్కడికి పరుగెత్తారు, బ్రెజిల్ గింజకు షికాగో ధర మీద అదనపు రేటు పెరిగింది. ఇక్కడొక పాత కథ చెప్పుకోవాలి, ఎందుకో దీన్ని ఎవరూ ఎక్కువగా తలుచుకోరు. 1973 జూన్‌లో అమెరికాలో ధరలు పెరిగిపోతున్నాయని నిక్సన్ ప్రభుత్వం సోయా ఎగుమతుల్ని హఠాత్తుగా ఆపేసింది. ఆ నిషేధం ఎక్కువ రోజులు నిలవలేదు. కానీ టోఫూ, మిసో లేనిదే పూట గడవని జపాన్ బెదిరిపోయింది. ఒక్క అంగడిని నమ్ముకుంటే కొంప మునుగుతుందని డబ్బు, ఇంజినీర్లను తీసుకుని బ్రెజిల్‌కు వెళ్లింది. సెరాడో అనే ఆమ్లపు నేలల మైదానాన్ని సున్నం వేసి సాగులోకి తేవడంలో బ్రెజిల్ వాళ్లతో చేయి కలిపింది. 2018లో చైనాకు ధీమా ఇచ్చింది ఆ పొలాలే. అమెరికా గింజ వద్దనగలిగే వీలును, ఒక రకంగా, నలభై అయిదేళ్ల ముందే అమెరికాయే కల్పించి పెట్టింది.

ఓడ ఇంకా తిరుగుతూనే ఉంది. జులై 24న వాషింగ్టన్ తన రైతులకు 1,200 కోట్ల డాలర్ల సాయం ప్రకటించింది. ఒక చేత్తో కొట్టి మరో చేత్తో మందు రాయడం. మరుసటి ఏడాది ఇంకో 1,600 కోట్లు.

ఈ గడియారం మన తీరానికీ వచ్చింది, ఏడేళ్ల తర్వాత. 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా ముందు 25 శాతం, రష్యా చమురు కొంటున్నందుకు మరో 25 శాతం వేసింది. రెండోది అమల్లోకి వచ్చింది ఆగస్టు 27న. అంతకుముందే ఓడెక్కి, సెప్టెంబరు 17లోగా అక్కడ కస్టమ్స్ దాటితే ఆ రెండో వాత తప్పుతుందన్నారు. పీక్ పెగాసస్‌కు దొరకని వెసులుబాటు అది. అప్పటికి మన రొయ్యకు అతిపెద్ద కొనుగోలుదారు అమెరికాయే. భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో వనామీ రొయ్య మాత్రం అమ్మే సైజుకొచ్చాక ఆగదు. మేత తింటూనే ఉంటుంది, ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి, కరెంటు బిల్లు వస్తూనే ఉంటుంది. నడిసముద్రంలో చుట్లు తిరిగే ఓడకూ రేటు కోసం పట్టుబడి వాయిదా వేసే చెరువుకూ నాకు పెద్ద తేడా కనిపించదు.

*

2018 ఆగస్టు రెండో వారం. నెల దాటిపోయింది. రాజీ రాలేదు. పీక్ పెగాసస్ చివరికి దాలియన్ రేవులోకి వచ్చి ఒడ్డుకు ఆనుకుంది. క్రేన్ల ఇనుప దోసిళ్లు హోల్డుల్లోకి దిగాయి. 25 శాతం సుంకం తప్పలేదు. అది పడింది కొనుక్కున్న చైనావాళ్ల నెత్తిన. సుంకం ఎవరిమీద వేస్తామంటారో, ఎవరి జేబులోంచి పోతుందో చూస్తే ఈ గొడవ మొత్తంలో ఇదొక వేళాకోళం.

దిగిన గింజ మిల్లుకు పోతుంది. నూనె వంటింటికి, చెక్క పందుల దాణాకు. చైనా అంత సోయా కొనేది ముఖ్యంగా ఆ దాణా కోసమే. ప్రపంచంలోని పందుల్లో ఇంచుమించు సగం అప్పట్లో అక్కడే ఉండేవి.

దాలియన్ ఉన్నది లియావోనింగ్ రాష్ట్రంలో. దాని రాజధాని షెన్‌యాంగ్. ఓడ ఇంకా నీళ్లలో చుట్లు తిరుగుతుండగానే, ఆగస్టు 3న, షెన్‌యాంగ్ దగ్గర ఒక పెంపకం కొట్టంలో చచ్చిన పందులకు పరీక్ష చేసి ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అని తేల్చారు. చైనాలో అదే మొదటి కేసు. క్రేన్లు సోయాను ఒడ్డుకు దించే నాటికి, దాన్ని తినాల్సిన పందులను అదే రాష్ట్రంలో చంపి పూడ్చిపెట్టడం మొదలైంది.