కుండీలో రామములక

టమాటా మన వంటింటికి వచ్చి ఎంతో కాలము కాలేదు. ఆబ్దికపు వంటలో నేటికిని పెక్కు ఇండ్లలో దానిని వాడకపోవుటయే ఇందుకు నిదర్శనము. దాని పుట్టుక దక్షిణ అమెరికా పశ్చిమ తీరమున. మెక్సికోవారు దానిని సాగుచేసిరి. నేటి పేరునకు మూలము వారి భాషలోనిదే. 1544లో మత్తియోలి అను ఇటలీ వైద్యుడు దీనిని వంకాయతో పోల్చి వర్ణించెను. మనవారును ఆ బంధుత్వమునే కనిపెట్టిరి. వంగ కుటుంబములోనిదగు నేలములకను ఎరిగినవారు గనుక, క్రొత్తగా వచ్చినదానిని రామములక అనిరి.

1611లో ఆంగ్లేయులు వర్తకశాల నెలకొల్పిన బందరు, విదేశ వస్తువులకు ద్వారమే. కాని చుట్టునున్న నేల ఈ మొక్కకు చుట్టము కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట గుడివాడ సీమ వరికి పుట్టినిల్లైనది. వరి కోరు నీటినిలువ టమాటా వేరునకు గిట్టదు. దివిసీమలో ఉప్పు మరియొక బాధ. 1864 నవంబరు 1న బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలు వేలాది ప్రాణములను బలిగొని, నేలపై ఉప్పు మిగిల్చిపోయినవి. ఉప్పు నేలలో వేరు నీటిని పీల్చలేదు. సున్నపు సత్తువ కాయ కొనకు అందక అడుగు నల్లబడి కుళ్ళును.

ఇట్టి చోట కుండీయే శరణ్యము. అయితే పందిరి కోరు మొక్క కుండీలో ఇముడుటెట్లు? 1914లో ఫ్లోరిడాలో, కొంత పెరిగి తనంతట తానే ఆగు టమాటా మొక్క కనబడినది. అదియు మన తీరము వలె తుపానుల సీమయే. 1989లో అక్కడి విశ్వవిద్యాలయమువారు ఆ గుణమునకు మరుగుజ్జుతనమును జోడించి మైక్రోటామ్ అను రకమును వెలువరించిరి. ఎత్తు జానెడు, పండు రేగుపండంత. అలంకారమునకని పుట్టించినది గనుక రుచి సామాన్యమే. పచ్చడికి ఆశపడరాదు!

రాత్రి ఉష్ణము 24 డిగ్రీలు దాటినచో పూత నిలుచుట కష్టము. కావున ఇట్టి పొట్టిరకమును విజయదశమికి విత్తినచో సంక్రాంతి నాటికి పండ్లు చూడవచ్చును. వట్టి రేగడి కుండీలో గట్టిపడును. ఇసుకను, చివికిన పశువుల ఎరువును కలుపవలెను. అడుగు రంధ్రముపై పెంకు వేసి, గింజను గోరు మందము లోతున నాటి, మంచినీరే పోయవలెను. ఆ మాసములలో ఎండ దక్షిణపు కిటికీనుండి వచ్చును. కుండీని అచ్చట నుంచవలెను. గదిలో గాలి ఆడదు గనుక పూసినపుడు కాడను మెల్లగా తట్టినచో పుప్పొడి రాలును.

ఆ దినములే మనకు తుపాను దినములు. రేడియోలో హెచ్చరిక వినగానే వసారాలోని కుండీని ఎత్తి నడింట పెట్టవచ్చును. 1977లో దివిసీమ రైతునకు పొలమును ఎత్తి పెట్టుకొను వీలు లేకపోయినది.

మొదటి పండ్లలో రెండింటిని తినక, గింజలను వాని రసములోనే రెండు దినములు నానవేసి, కడిగి, నీడన ఆరబెట్టి దాచుకొనుడు. వచ్చు విజయదశమికి అవి పనికివచ్చును.