యంత్రమునకు నేర్పిన జాగ్రత్త



నూతికి పిట్టగోడ కట్టువారు ఈతరాని పసివానిని తలచి కట్టుదురు. చీకటిలో నీటికి వచ్చు పెద్దవానికిని అది రక్షయే యగును. కంప్యూటరు చరిత్రలో అట్టి పిట్టగోడ యొకటి లేచుటకు ఇంచుమించు ముప్పదియైదేండ్లు పట్టెను. ఆ వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

కంప్యూటరులోని సమస్త కార్యములను నడపు మూలవ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమందురు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిట్చీ మొదలగువారు 1969లో ఆరంభించిన యూనిక్స్ అట్టివానిలో మిగుల ప్రసిద్ధము. 1971 నాటి దాని మొదటి వివరణ గ్రంథముననే 'ఆర్‌ఎమ్' అను ఆజ్ఞ కలదు. దస్త్రములను తుడిచివేయుట దాని పని. తరువాతి కాలమున దానికి రెండు గుర్తులు చేరినవి. ఒకటి లోపలి యరలన్నిటిలోనికి దిగి తుడువుమనును. రెండవది మారడుగక తుడువుమనును. వాని ప్రక్కన ఒక్క వాలుగీత వ్రాసినచో మొత్తము వ్యవస్థకు మొదలని యర్థము. 'రూట్' అను సర్వాధికారి హోదాలో నున్నవాడు దీనిని వ్రాసెనేని, యంత్రము తన్ను తానే తుడుచుకొనుట కుపక్రమించెడిది.

ఆనాడు యూనిక్స్ వాడువారు చాలవరకు నిపుణులు. చెప్పినది చేయుటయే పనిముట్టు ధర్మమని వారి తలంపు.

1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను వెలువరించిన పిదప సామాన్యులును ఈ పనికి పూనుకొనిరి. 1999లో గెరార్డ్ బీక్‌మన్స్ ఆరంభించిన 'లినక్స్ ఫ్రం స్క్రాచ్' అను గ్రంథము, వ్యవస్థను మొదటినుండి స్వయముగా నిర్మించుకొను విధమును నేర్పును. అందు క్రొత్త వ్యవస్థ లేచు చోటికి 'ఎల్‌ఎఫ్‌ఎస్' అను గుర్తుపేరు పెట్టి, ఆజ్ఞలను ఆ పేరుతో వ్రాయుదురు. అభ్యాసి ఆ పేరునకు విలువ నిచ్చుట మరచెనా, పేరు శూన్యమై, ఆజ్ఞ క్రొత్త యింటిని విడిచి తాను కాపురమున్న యింటిమీద పడును! అందుచే ఆ గ్రంథము పేరును పలుమారులు సరిచూచుకొనుమని హెచ్చరించును. తొలి ఘట్టములను సర్వాధికారము లేని వేరొక వాడుకరిగా చేయుమనును.

ఈ గోతిలో అనుభవజ్ఞులును పడిరి. 2015లో స్టీమ్ అను ఆటల సాధనము యొక్క లినక్స్ ఆజ్ఞాపత్రములో ఇట్లే పేరు శూన్యమై, కొందరి సొంత దస్త్రములు తుడిచిపెట్టుకొని పోయినవి.

పిట్టగోడ మాట యేమనగా, 2005లో వెలువడిన సన్ సంస్థవారి సొలారిస్ 10 వ్యవస్థ, మొదలంట తుడువుమను ఆజ్ఞను నిరాకరించెను. 2006లో గ్నూ పరికరములును అట్లే చేసినవి. నిజముగా కావలెనన్నవాడు వేరొక దీర్ఘమైన మాటను చేర్చి వ్రాయవలెను. నిపుణుని హక్కు పోలేదు. ఏమరుపాటునకు మాత్రము అడ్డు వచ్చినది. అయినను వాలుగీత ప్రక్కన ఒక్క చుక్కగుర్తు చేరెనేని, అరల పేర్లు విడివిడిగా వచ్చుటచే ఆ కాపలా దానిని గుర్తింపజాలదు.

పొరబడినవానిని తిట్టుట సులభము. ఆ పొరపాటు సర్వనాశనము కాకుండ పనిముట్టును దిద్దుట శ్రమతో కూడినది. పెద్దల కర్తవ్యమును అదియే యని నా యభిప్రాయము. మీ మనుమలు యంత్రమును చేపట్టునాడు వారికి సర్వాధికారపు తాళపుచెవి నీయక వేరు పేరున ప్రవేశము కల్పింపుడు. విలువైన దస్త్రములకు మరియొక ప్రతిని వేరుచోట దాచుడు. పిదప వారిని నిర్భయముగా నేర్చుకొననిండు.