మగ్గం వెనక ఉన్న నేల: మపూచే మహిళల చరిత్ర

స్టడీ అవర్‌లో ప్రపంచ పటం గోడకు తగిలించి దేశాల పేర్లు చదివిస్తున్నాను. ఏడో తరగతి అమ్మాయి ఒకతె దక్షిణ అమెరికా పడమటి అంచున సన్నగా కిందికి వేలాడుతున్న చిలీని చూపించి, "మేడం, ఎండుమిరపకాయలా ఉంది" అంది. అందరం నవ్వాం. "అక్కడ మనలాంటి వాళ్లు ఉన్నారా మేడం?" అని ఇంకో పిల్ల అడిగింది. ఉన్నారన్నాను. అంతకు మించి ఆ రోజు చెప్పలేకపోయాను. తర్వాత దొరికిందల్లా చదివాను. ఆగస్టు 9 సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని మన సంఘం వాళ్లు అడిగినప్పుడు, ఆ పిల్లకు బాకీ పడ్డ జవాబే రాద్దామనిపించింది.

వాళ్ల పేరు మపూచే. వాళ్ల భాష మపుదుంగున్. అందులో 'మపు' అంటే నేల, 'చే' అంటే మనుషులు. నేల మనుషులు అన్నమాట. 2017 జనాభా లెక్కల్లో చిలీలో 17 లక్షల మందికి పైగా తాము మపూచేలమని రాయించుకున్నారు. ఆ దేశ జనాభాలో ఇది దాదాపు పదో వంతు. ఆండీస్ కొండల అవతల అర్జెంటీనాలోనూ ఉన్నారు.

స్పెయిన్ సైన్యాలు ఇంకా సామ్రాజ్యాన్ని పడగొట్టాయి గానీ మపూచేలను లొంగదీయలేకపోయాయి. స్పెయిన్ వాళ్లకు పట్టుబడి, వాళ్ల దగ్గర గుర్రాలు చూసుకుంటూ పెరిగిన లౌతారో అనే కుర్రాడు తప్పించుకుని వచ్చి, తన వాళ్లకు గుర్రపు దళంతో ఎలా పోరాడాలో నేర్పాడు. 1553లో తుకపెల్ దగ్గర జరిగిన యుద్ధంలో గవర్నర్ పెద్రో దె వాల్దివియా చనిపోయాడు. 1641లో కిలీన్ దగ్గర ఒప్పందం కుదిరింది. బియోబియో నదికి దక్షిణాన ఉన్న నేల మపూచేలదని స్పెయిన్ ఒప్పుకుంది. యుద్ధాలు పూర్తిగా ఆగకపోయినా, ఆ సరిహద్దు రెండు వందల ఏళ్లకు పైగా నిలిచింది.

దాన్ని చెరిపింది స్వతంత్ర చిలీ. 1861లో మొదలుపెట్టి 1883 నాటికి చిలీ సైన్యం కోటలు కట్టుకుంటూ దక్షిణానికి దిగింది. ఈనాడు అరౌకానియా ప్రాంతానికి రాజధానిగా ఉన్న తెముకో పట్నం 1881లో అలాంటి కోటగా పుట్టిందే. తర్వాత సర్వేయర్లు వచ్చారు. 1884 నుంచి 1929 వరకు మపూచే కుటుంబాలకు గుంపులుగా పట్టాలు రాసిచ్చారు. సుమారు మూడు వేల పట్టాలు, అన్నీ కలిపి 5 లక్షల హెక్టార్లు. పూర్వం వాళ్లు తిరిగిన నేలలో ఇది ఇరవయ్యో వంతు. మనిషికి సగటున 6 హెక్టార్లు వచ్చింది. అదే సమయంలో స్విట్జర్లాండ్, జర్మనీ, ఫ్రాన్స్ నుంచి పిలిపించుకున్న వలస కుటుంబానికి 40 హెక్టార్లు ఇచ్చి, ఎదిగిన కొడుకులు ఉంటే ఆపైన ఇంకా ఇచ్చారు.

6 హెక్టార్లంటే 15 ఎకరాలు. ఈ లెక్క చెప్పగానే మా హాస్టల్ పిల్లలు "మేడం, చాలానే కదా!" అన్నారు. వాళ్ల ఇళ్లలో రెండెకరాల పోడుకే పట్టా లేదు మరి. కానీ మపూచేలు అప్పటిదాకా బతికింది మందల మీద. గుర్రాలు, పశువులు, గొర్రెలు. మందకు మేత బయలు కావాలి. బయలు పోయాక అదే చెక్కలో ఏటేటా గోధుమ వేశారు. వాన నేలను కోసుకుపోయింది. కొడుకులు, మనవళ్లు ఆ 15 ఎకరాలనే పంచుకున్నారు.

ఆపైన సైనిక పాలకుడు పినోచెట్ కాలంలో రెండు దెబ్బలు పడ్డాయి. 1974లో వచ్చిన 701వ డిక్రీ, చెట్ల తోటలు వేసే వాళ్లకు ఖర్చులో 75 శాతం దాకా ప్రభుత్వమే ఇస్తుందని చెప్పింది. మపూచే పల్లెల చుట్టూ కంపెనీల పైన్, యూకలిప్టస్ తోటలు లేచాయి. మనం జామాయిల్ అంటామే, ఆ జాతే. ఎండాకాలంలో ఊటలు ఎండి, ట్యాంకర్ నీళ్లకు బిందెలు పట్టుకుని నిలబడే పల్లెలు అక్కడ ఇవాళ్టికీ ఉన్నాయి. 1979లో వచ్చిన 2568వ డిక్రీ ప్రకారం ఉమ్మడి పట్టాను ముక్కలు చేయడానికి ఊళ్లో ఒక్కరు అడిగితే చాలు. పంచిన భూమి ఇక ఆదివాసీ భూమి కాదనీ, దాని మీద ఉన్నవాళ్లు ఆదివాసులు కారనీ ఆ డిక్రీ మొదటి పాఠంలో రాశారు. ఒక కాగితంతో జాతినే కొట్టివేయబోయారు. నిరసన రావడంతో ఆ మాట తీసేశారు గానీ పంపకం ఆగలేదు.

ఇంత భూమి కథ ఎందుకు చెప్పానంటే, మగ్గం గురించి చెప్పాలి కనుక.

మపూచే మగ్గాన్ని విత్రాల్ అంటారు. రెండు నిలువు కర్రలు, రెండు అడ్డకర్రలు, గోడకు చేరవేసి నిలబెట్టే మగ్గం. నేసేది ఆడవాళ్లే. ఈ విద్యను మొదట నేర్పింది లాలేన్ కుసే, అంటే సాలీడు అవ్వ అని వాళ్ల కథ. నడుముకు కట్టుకునే త్రారివే అనే పట్టీ మీది గుర్తులను చదవడం తెలిసిన వాళ్లు చదువుతారు. పెద్దవాళ్లు వేసుకునే మకూన్‌లో (పోంచో అంటే మీరు సినిమాల్లో చూసే ఉంటారు) మెట్లమెట్లుగా ఉండే తెల్లని గుర్తులు త్రారికన్ పద్ధతిలో వస్తాయి. నేయక ముందే పడుగు నూలుకు గట్టిగా ముడులు కట్టి, రంగులో ముంచి, ఆరాక ముడులు విప్పుతారు. పోచంపల్లి చీర నేతలో కనిపించే కిటుకే ఇది. రెండు సముద్రాల అవతల ఉన్న అవ్వలకు కూడా తెలుసని చదివి నాకు ఆశ్చర్యమేసింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఒక మంచి మకూన్‌కు మారుగా గుర్రాలు, పశువులు ఇచ్చేవారు. సరిహద్దు దాటి జరిగిన వ్యాపారంలో అది పెద్ద సరుకు. నేసే ఆడమనిషి అప్పుడు పేద కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. మగ్గానికి నూలు కావాలి. నూలుకు గొర్రె, గొర్రెకు మేత, మేతకు నేల కావాలి. పసుపు రంగుకు మిచాయ్ పొద, నలుపుకు నల్కా మొక్క వేరు, అవి పెరిగే సొంత అడవి కావాలి. అడవి స్థానంలో వరసలుగా పైన్ నిలబడితే రంగు ఎక్కడి నుంచి వస్తుంది? చాలామంది నేతగత్తెలు ఉన్ని కొనుక్కోవలసి వచ్చింది, రంగు పొడులు వాడవలసి వచ్చింది. పట్నం దళారి అడిగిన ధరకు ఇచ్చేసి బస్సు ఛార్జీలు మిగుల్చుకుని వచ్చిన వాళ్లూ ఉన్నారు.

1990లో సైనిక పాలన పోయాక ప్రాజెక్టులు వరసగా వచ్చాయి. 1993లో ఆదివాసీ చట్టం, 19,253 నంబరుది, అమల్లోకి వచ్చింది. ఆదివాసీ భూమిని ఆదివాసీ కానివారికి అమ్మకూడదన్నది ఆ చట్టం. మన 1/70 చదివిన వాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. దాని కింద కొనాది అనే సంస్థ, పోయిన భూములు కొని తిరిగి ఇవ్వడానికి ఒక నిధి ఏర్పడ్డాయి. 1962 నుంచి ఉన్న వ్యవసాయాభివృద్ధి సంస్థ ఇందాప్, మహిళల సంస్థ ప్రోదెముతో కలిసి 1992లో పల్లె ఆడవాళ్ల కోసం పథకం మొదలుపెట్టింది. చిన్న గుంపులుగా చేర్చి, మూడేళ్ల దాకా శిక్షణ, కొంత పెట్టుబడి. 2001లో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు అప్పుతో ఒరిహెనెస్ పథకం వచ్చింది. 2008లో చిలీ అంతర్జాతీయ కార్మిక సంస్థ 169వ ఒడంబడికను ఆమోదించింది. తమ మీద ప్రభావం చూపే నిర్ణయానికి ముందు ఆదివాసులను సంప్రదించాలన్నది అందులోని ముఖ్యమైన మాట. మన దేశం పాత 107వ ఒడంబడికను 1958లో ఆమోదించింది, 169ని ఆమోదించలేదు. గ్రూప్స్ రాసే వాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ప్రాజెక్టు అనగానే నాకు మా అమ్మమ్మ ఊరు గుర్తొస్తుంది. ఒకసారి అక్కడికి పన్నెండు కుట్టుమిషన్లు వచ్చాయి. ఊళ్లో కరెంటు రోజుకు నాలుగు గంటలు. మిషన్లేమో మోటారువి. ఎవరినైనా అడిగి ఉంటే తొక్కుడు మిషన్లు ఇవ్వమని చెప్పేవాళ్లు. ఎవరూ అడగలేదు. వాటి మీద కొన్నాళ్లు వడ్లు ఆరబోసుకున్నారు.

చిలీలో నిలబడ్డ పనులు నాకు వేరేగా కనిపించాయి. తెముకో వైపు పనిచేసే చోల్‌చోల్ ఫౌండేషన్ న్యాయమైన ధర పద్ధతిలో నేతగత్తెల సరుకు అమ్మిపెడుతుంది. సముద్రం ఒడ్డున తిరూవాలో నేతగత్తెలే కట్టుకున్న సంఘం పేరు రెల్ము విత్రాల్, అంటే ఇంద్రధనుస్సు మగ్గం. ధర మాట్లాడేటప్పుడు ఒంటరిగా నిలబడే ఆడమనిషికీ, సంఘంగా నిలబడే ఆడవాళ్లకూ ఉన్న తేడా మన డ్వాక్రా అక్కలకు నేను చెప్పక్కర్లేదు.

కొండల్లో కింకేన్ అనే లోయ కథ ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడి పెహువెన్చెలు, వీళ్లూ మపూచేలలో ఒక శాఖ, అరౌకారియా చెట్టు గింజల మీద బతుకుతారు. ఉడకబెడతారు, పిండి చేస్తారు, చలికాలానికి దాస్తారు. కంపెనీ ఆ చెట్లు కొట్టి కుటుంబాలను ఖాళీ చేయించబోతే వాళ్లు కదల్లేదు. 1990లో ప్రభుత్వం అరౌకారియాను కొట్టకూడని చెట్టుగా ప్రకటించింది. తర్వాత ఆ లోయను కంపెనీ దగ్గర కొనవలసి వచ్చింది. ముందు నేల దక్కింది కాబట్టే గింజలు ఏరే పని ఇవాళ్టికీ అక్కడ సాగుతోంది.

ఇక పెరళ్ల సంగతి. మపూచే ఇళ్లలో కూరగాయల మడి, కోళ్లు, విత్తనాల మూటలు ఆడవాళ్ల చేతిలోనే ఉంటాయి. వాళ్ల నాటుకోడి నీలం రంగు గుడ్డు పెడుతుంది, నిజంగానే. ఒకరి విత్తనం ఒకరికిచ్చి మార్చుకునే పద్ధతిని త్రఫ్‌కింతు అంటారు. డబ్బు ఉండదు, నువ్వు చిక్కుడు ఇస్తే నేను మొక్కజొన్న ఇస్తాను, ఎలా వేయాలో కూడా చెబుతాను. ఈమధ్య ఊరూరా వీటిని మళ్లీ పెద్దగా జరుపుతున్నారు. ఎండుమిరపను పొగబెట్టి, ధనియాలతో కలిపి దంచిన మెర్కేన్ కారం ఒకప్పుడు ఆ ఇళ్ల వంటింట్లోదే. ఇప్పుడు రాజధాని శాంతియాగో హోటళ్లలో బల్లల మీద ఉంటోంది. మా పిల్ల అన్న మిరపకాయ మాట ఒట్టిపోలేదు.

ఆ చలికి, వానకు కూరలు నిలవాలని ప్రభుత్వ పథకాల్లో ప్లాస్టిక్ కప్పిన పందిళ్లు ఇస్తారు. మంచి పథకమే, పంట వస్తుంది. కొత్తిమీర, పాలకూర కట్టలు కట్టుకుని తెల్లారకముందే బస్సెక్కి ఆడవాళ్లు తెముకో వస్తారు. పట్నం నడిబొడ్డున కాలిబాట మీద పరిచి అమ్ముకోవడం వాళ్ల అమ్మల నాటి అలవాటు. ఈ మధ్య ఏళ్లలో అక్కడ వీధి అమ్మకాలను నిషేధించారు. పోలీసులు వచ్చి కూరలు లాక్కోవడం, ముసలివాళ్లను కూడా వ్యానెక్కించడం దేశమంతా చూసింది. పందిరి ఇచ్చిందీ సర్కారే, కట్ట లాక్కున్నదీ సర్కారే. ఆ ఆడవాళ్లు మాత్రం మళ్లీ అదే వీధికి వచ్చి బుట్టలు దించారు.