పడుగు గంజి, గాజు నాళము



గద్వాల చీరకు ఒడలు నూలు, అంచును కొంగును పట్టు అని మీ రెఱుఁగుదురు. నూలు పడుగునకు గంజి పెట్టుట గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల పెద్దలు చూచియే యుందురు. గంజి పట్టని పోగు నూగు లేచి, అచ్చునందుఁ జిక్కి తెగును. గంజి పట్టినది నునుపై జాఱిపోవును. పలుచని పూఁత చేయు మేలిది. ఇట్టి యుపాయమే నెత్తురును పరీక్షించు శాస్త్రమునకుఁ దోడ్పడినది. ఆ చరిత్రమును మనవిచేసెదను.

నెత్తుటియందు మాంసకృత్తులు పెక్కు గలవు. వానిపై నుండు విద్యుదావేశము ఒక్కొక్కదాని కొక్కొక్క తీరు. కావున విద్యుత్తును ప్రసరింపఁజేసినచోఁ గొన్ని వడిగను, గొన్ని మెల్లఁగను నడచి వేఱుపడును. ఇందులకు స్వీడను దేశమున టిసేలియస్ 1937లో యంత్రమును సమకూర్చి, 1948లో నోబెల్ బహుమానము నందెను. అమెరికాయందు పాలింగు మొదలగువారు ఆ పద్ధతితోనే కొడవలి కణముల వ్యాధిగలవారి హిమోగ్లోబిను ఇతరులదానివలె నడవదని 1949లోఁ జూపిరి.

టొరంటో నగరమున స్మిథీస్ అను నతఁడు మాంసకృత్తును కాగితముపై నడిపింపఁగా నది కాగితము నంటుకొని చెదరిపోయెను. చిన్ననాఁడు తల్లి బట్టలకుఁ బెట్టు గంజి చల్లాఱి ముద్దకట్టుట అతనికి జ్ఞప్తికి వచ్చెను. గంజిముద్దలో నడిపింపఁగా మాంసకృత్తులు చక్కఁగా వేఱుపడెను. ఆ సంగతిని 1955లోఁ బ్రకటించెను.

తరువాత 1981 నాఁటికి వెండ్రుకవంటి సన్నని గాజు నాళములు వాడుకలోనికి వచ్చెను. గాజు గోడకు ఋణావేశ ముండును. ధనావేశముగల మాంసకృత్తులు దాని నంటుకొని నిలిచిపోవును. మడి చిన్నదైనకొలఁది గట్టుపాలు హెచ్చినట్లు, నాళము సన్నమైనకొలఁది గోడ ప్రభావము హెచ్చును. టిసేలియస్ శిష్యుఁడగు యెర్టేన్ 1985లో లోపలిగోడకుఁ బాలియాక్రిలమైడ్ పూఁత పట్టించి ఈ చిక్కును దీర్చెను. గంజివలెనే యిదియు చిన్న యణువులు పూసలదండవలెఁ గూడిన దీర్ఘాణువు. 1990 దశకమున అఱచేత నిముడు గాజుపలకపైఁ గాలువలు చెక్కి, చుక్క నెత్తురుతోనే పరీక్షించు పనులు సాగెను. అచ్చటను పూఁత లేనిచో మాంసకృత్తులు గోడ నంటి, ఫలము తాఱుమాఱగును.

ఇది మనకేల యందురా? కొడవలి కణముల వ్యాధిని నిర్మూలింప మన దేశమున 2023 జూలై 1న ఆరంభమైన కార్యక్రమమునఁ దెలంగాణమును చేరియున్నది. నిర్ధారణపరీక్షలలో, విద్యుత్తుచే హిమోగ్లోబినును వేఱుచేయుటయు నొకటి. తలిదండ్రు లిరువురు పైకి ఆరోగ్యవంతులయ్యును ఆ దోషమును మోయువారైనచో, పుట్టు ప్రతి బిడ్డకును నాలుగింట నొకపాలు వ్యాధిభయము గలదు. అందుచేత జాతకములు చూపించు పెద్దలు, వైద్యులు కోరినపుడు నెత్తురును గూడఁ జూపింపుఁడు. పడుగు సరిచూడక మగ్గ మెక్కింపము గదా!